జౌస్ కొండ దారిలో

ప్రియ చదువరీ, నీవు ఎన్నడైనను వరిమడిలో దిగినవాడవైతే నేను చెప్పబోవు సంగతిలో సగము నీకు ముందే తెలియును. మిగిలిన సగము నాకు యాబదియారవ యేట, మన ఊళ్లకు వేల మైళ్ల దూరమున, ఒక పరాయి కొండ మీద తెలిసివచ్చినది.

2024 జూన్ నెలలో నా కుమార్తెను చూచుటకు ఐర్లాండు దేశము వెళ్లితిని. ఆమె డబ్లిన్ నగరములో నర్సు పని చేయుచున్నది. వెళ్లి ఆరేండ్లయినది. ఆ ఆరేండ్లలో చివరి నాలుగేండ్లు మా ఇద్దరి నడుమ మాటలు ఎట్లుండెనో చెప్పవలెనంటే, ఉత్తరములో చిరునామా మాత్రము వ్రాసి లోపల కాగితము పెట్టనట్లుండెను. "భోంచేశారా నాన్నా?" "చేశానమ్మా." "అక్కడ వానలున్నాయా?" "ఉన్నాయి." అంతే. ప్రతి ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత ఆమె ఫోను చేయును, నేను మాట్లాడుదును, నా వెనుక నిలిచిన సంఘస్థులు "అయ్యగారి అమ్మాయి ఎంత ప్రేమగల పిల్ల" అని చెప్పుకొందురు. నేను తల ఊపుదును.

దీనికి కారణమున్నది. నా భార్య 2020 జూన్ నెలలో మూడు దినముల జ్వరముతో ప్రభువునందు నిద్రించినది. అప్పటికి మన దేశమునకు వచ్చు మామూలు విమానములు మార్చి నెల నుండియే నిలిచిపోయియున్నవి. కూతురు రాలేదు. రాలేకపోయినది అని వ్రాయవలసినది. అయితే నా హృదయములో ఆ మాట చాలాకాలము "రాలేదు" అనియే ఉండెను గనుక అట్లే వ్రాసితిని. సమాధి కార్యక్రమమును మా సంఘపెద్ద కుమారుడు ఫోను ఎత్తి పట్టుకొని ఆమెకు చూపించెను. ఆ రాత్రి ఆమెతో నేను ఒక మాట పలికితిని. అది ఇంకను ముందుకు పోయిన తరువాత చెప్పెదను. ఇక్కడ వ్రాయుటకు చేయి రావడము లేదు.

కొండకు వెళ్లుటకు ముందు దినము ఆమె నన్ను డబ్లిన్‌లోని జాతీయ మ్యూజియమునకు తీసికొని వెళ్లినది. అక్కడ ఒక గాజుపెట్టెలో చిరిగి, ముడుతలు పడి, నల్లబారిన ఒక గ్రంథమున్నది. అది కీర్తనల గ్రంథము. చేతివ్రాతతో లాటిను భాషలో, దూడ చర్మపు రేకుల మీద, సుమారు పన్నెండు వందల యేండ్ల క్రిందట వ్రాయబడినది. 2006 జూలైలో టిప్పరేరీ ప్రాంతమున ఫాడన్ మోర్ అను చోట ఊబినేలను యంత్రముతో త్రవ్వుచున్న ఒక పనివాని కంట అది పడినది. అతడును ఆ నేల యజమానులును దానిని ఎండబెట్టక, తుడువక, మరల తడి మన్నే కప్పి ఉంచిరి. ఆ బుద్ధియే దానిని కాపాడినదని అక్కడివారు చెప్పుదురు. విప్పి శుద్ధిచేయుటకు నాలుగేండ్లకు పైగా పట్టినది. మొదట బయటపడిన పంక్తిలో కన్నీటి లోయ అను అర్థమిచ్చు లాటిను మాటలు కనబడినవి. ఆ లాటిను లెక్కలో అది 83వ కీర్తన; మన లెక్కలో 84వది. మన తెలుగు బైబిలులో ఆ చోట బాకా లోయ అని ఉన్నది. సెమినరీలో మా అధ్యాపకులు ఈ బాకా అను మాట ఏడ్పును గూర్చినదా, ఒక చెట్టు పేరా అని ఒక పూటంతయు బోధించిరి. నేను అప్పుడు నిద్రపోయితిని. ఇప్పుడు సిగ్గుపడుచున్నాను.

ఆ గ్రంథమును గూర్చి నన్ను ఎక్కువగా ఆపివేసిన సంగతి మరియొకటి. చాలా రేకులలో వ్రాయని చోటనున్న చర్మము కరిగిపోయినది. సిరా తాకిన చోట మాత్రము నిలిచినది. కాబట్టి కొన్ని పుటలలో పుట లేదు, అక్షరములు మాత్రమున్నవి. విడివిడిగా, చిక్కుడు గింజలవలె. నేను పెట్టె యెదుట చాలాసేపు నిలిచితిని. నా కుమార్తె పక్కనే నిలిచి ఏమియు అనలేదు.

మరునాడు ఉదయము ఆమె అనినది: "ఆ పుస్తకం దొరికినలాంటి నేల మీద నడుద్దామా నాన్నా? కొండ ఎక్కాలి. మీ మోకాలు ఎలా ఉంది?" బాగున్నదంటిని. మోకాలు బాగులేదు.

ఆ కొండ పేరు జౌస్. డబ్లిన్‌కు దక్షిణమున విక్లో కొండలలో ఉన్నది. ఎత్తు 725 మీటర్లు. మన తిరుమల కొండలు చూచినవారికి ఇది గొప్ప ఎత్తు కాదు. రాళ్లు చీల్చుకొని ఎక్కవలసిన కొండయు కాదు. గుండ్రని వీపుతో పండుకొన్న గేదెవలె ఉండును. అయితే ఆ గేదె వీపు తడిసిన స్పాంజివలె ఉండును! కొండ మీద ఊబి ఏమిటని నీవు అడుగవచ్చును. నేనును అడిగితిని. మన దేశములో నీళ్లు పల్లమున నిలుచును. అక్కడ వాన ఎంత తరచుగా, ఎంత చల్లగా కురియుననగా, నీళ్లు వాలున కూడ నిలుచును. స్ఫాగ్నమ్ అను ఒక నాచు ఆ నీటిని తన ఎండు బరువుకు అనేక రెట్లు పీల్చి పట్టుకొనును. తడిలో గాలి దూరదు, గాలి లేనిచోట చచ్చిన ఆకులు కుళ్లవు. కుళ్లని ఆకుల మీద మరల ఆకులు పడును. ఇట్లు యేటికి సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున, వేలాది యేండ్లుగా, కొండకు గొంగడి కప్పినట్లు ఒక నల్లని పదార్థము పేరుకొనినది. దానిని పీటు అందురు. అందులో పది వంతులలో తొమ్మిది వంతులు నీరే. అక్కడి బీదలు తరతరములుగా దానిని ఇటుకలవలె కోసి ఎండబెట్టి పొయ్యిలో కాల్చుకొనిరి. పెద్ద యంత్రములతో త్రవ్వు ప్రభుత్వ సంస్థ ఒకటి, బోర్డ్ నా మోనా అనునది, 2021 జనవరిలో ఆ త్రవ్వకమును ఇక పూర్తిగా మానితిమని ప్రకటించినది. నేలలో నిలిచిన ఆ పదార్థము గాలిలో కలిసినచో లోకమంతటికిని వేడి పెరుగునని వారు ఇప్పుడు ఎరిగియున్నారు.

కారు దిగినచోట నుండి కొంత అడవి దారి. అటుపైని ఒక రాయి ఉన్నది. జె. బి. మెలోన్ అను పెద్దమనిషి జ్ఞాపకార్థము పెట్టినది. ఆయన కాలినడకను గూర్చి పత్రికలలో వ్రాసి వ్రాసి, చివరకు డబ్లిన్ అంచు నుండి ఈ కొండల మీదుగా సుమారు 130 కిలోమీటర్ల దారి ఒకటి ఏర్పడునట్లు చేసెను. దాని మొదటి భాగము 1980లో తెరువబడినది. రాతి యొద్ద నిలిచి క్రిందికి చూచినచో టే అను సరస్సు నల్లగా కనబడును, ఒక కొనను తెల్లని ఇసుక. అక్కడివారు దానికి ఒక ప్రసిద్ధమైన సారాయి పేరు పెట్టి పిలుచుదురు. నల్లని గ్లాసు మీద తెల్లని నురుగువలె ఉన్నదట. ఆ పోలిక ఈ పత్రికకు తగదు గాని, చూచినవారెవరును కాదనలేరు.

అక్కడ నుండి చెక్కల దారి. పాత రైలు స్లీపరు చెక్కలను పొడవునా పరచి, కాలు జారకుండ ఇనుప ముక్కలు కొట్టిరి. మనుష్యులు నేల మీద నడిచి నడిచి నాచును చంపివేయుదురు. బురదను తప్పించుకొనుటకు పక్కకు నడిచి దారిని ఇంకను వెడల్పు చేయుదురు. ఆ గాయములోనుండి కొండ కారిపోవును. అందుకొరకే చెక్కలు. కాలికి కాదు, కొండకు. ఒకరి వెనుక ఒకరు నడువవలసినంత ఇరుకు దారి. ఇరుపక్కల బాగ్ కాటన్ అను గడ్డి, దూదిపింజలవంటి తెల్లని కుచ్చులతో గాలికి ఊగుచున్నది. నా కుమార్తె ముందు నడిచినది. వెనుక నేను.

చదువరీ, నా స్వభావము ఒకటి ఒప్పుకొనవలెను. ముప్పది యేండ్లుగా నా వెనుక నడుచువారినే చూచితిని. సంఘములో ముందు నడుచుటయే నా పని. మరియు నేను బురదలో పుట్టినవాడను. నా తండ్రి పరుల పొలములో దమ్ము త్రొక్కిన కూలివాడు, నేను పదేండ్ల వరకు ఆయన వెంట మడిలో తిరిగినవాడను. కాబట్టి ఆమె వెనుకకు తిరిగి "నాన్నా, చెక్క దిగకండి, నా అడుగులో అడుగు వేయండి" అనినప్పుడు నాకు నవ్వు వచ్చినది. బురదను గూర్చి నాకు నీవా చెప్పునది అనుకొంటిని.

పది నిమిషములకు ఎదుట నుండి ఏడెనిమిది మంది పిల్లలతో ఒక గుంపు దిగి వచ్చినది. మర్యాదకై నేను పక్కకు దిగితిని. దిగుటకు మంచి చోటు కూడ ఏరుకొంటిని: నల్లని బురద కాదు, గడ్డి కాదు, మన దమ్ము చేసిన మడిలో నారు నిలిచిన మూల ఎంత పచ్చగా నుండునో అంత పచ్చని మెత్తని నాచు. ఆ దేశములో మిక్కిలి పచ్చగా నుండునదే మిక్కిలి లోతైనదని తరువాత తెలిసినది.

కుడికాలు తొడ వరకు దిగిపోయినది.

మన మడిలో కాలు దిగునప్పుడు అడుగున గట్టి పొర ఒకటి తగులును. నాగలి పొర క్రింద భూమి నిలుచును. దాని మీద ఎద్దు నిలుచును, మనిషి నిలుచును. నేను ఆ పొర కొరకు కాలితో వెదకితిని. అది లేదు. చల్లదనమే ఉన్నది. లాగినకొలది కాలును ఏదో పట్టి పీల్చుచున్నది. అరవవలెనని నోరు తెరచితిని, చిన్నపిల్లల యెదుట సిగ్గు వచ్చి మూసికొంటిని. చూచితివా, తొడ వరకు మునిగినవానికి కూడ పరువు ఉండును.

నా కుమార్తె చెక్కల మీద బోర్ల పడుకొని నా రెండు చేతులు పట్టుకొనినది. "లాగకండి నాన్నా. గుంజితే ఇంకా పట్టేస్తుంది. వెనక్కి వాలండి. నేనున్నాను. ఇప్పుడు మడమ మాత్రం కొంచెం కదపండి. ఇటు. అటు. తొందర లేదు. ఊపిరి తీసుకోండి." ఆ గొంతు నేను అంతకు మునుపు వినలేదు. బిగ్గరగా లేదు, బ్రతిమాలుచున్నట్లును లేదు. చావు పడకల యొద్ద నేను ముప్పది యేండ్లు నిలిచినవాడను, అయినను నా గొంతు ఎన్నడును అట్లు పలుకలేదు. మడమ కదల్చగా కాలి చుట్టు నీరు దిగినది, పట్టు సడలినది, మెల్లమెల్లగా కాలు పైకి వచ్చినది. బూటు రాలేదు. ఆమె తన సహోద్యోగి యొద్ద నా కొరకు అడిగి తెచ్చిన బూట్లు నాకు ఒక అంగుళము పెద్దవి. ఆమె చొక్కా చేయి మడిచి, భుజము వరకు ఆ గుంటలో చేయి పెట్టి, చెంప నాచుకు ఆనించి, కన్నులు మూసికొని వెదకినది. బూటు తెచ్చి నా యెదుట పెట్టినది. ఆమె చేయి మోచేతికి పైవరకు నల్లగా ఉండెను.

యేటికి మిల్లీమీటరు లెక్కన నా కాలు ఏడు వందల యేండ్లు దిగి వచ్చినదన్నమాట! ఆ లెక్క అక్కడే కట్టితిని. మనిషి మనసు ఎట్టిదో, భయము తీరగానే లెక్కలు కట్టును.

"వెనక్కి వెళ్దామా?" అని ఆమె అడిగినది. వద్దంటిని. అటుపైని ఆమె అడుగులో అడుగు వేసి నడిచితిని. ముందుగా వైట్ హిల్ అను మిట్ట, 630 మీటర్లది. తరువాత చెక్కలు పోయి మట్టిదారి, పెద్ద దారి కొండ భుజము చుట్టి పోవుచుండగా దానిని విడిచి నిట్టగా పైకి. ప్రతి అడుగునను బూటు బుడబుడ లాడెను. నా మోకాలిని గూర్చి వ్రాయను.

శిఖరమున కొన్ని రాళ్లు, ఒక సిమెంటు స్తంభము. ఈశాన్యమున షుగర్ లోఫ్ అను మొనగల కొండ, దాని వెనుక సముద్రము. మంచి యెండ కాచినచో నీళ్లకు ఆవల వేల్స్ దేశపు కొండలు కనబడునట. మాకు కనబడలేదు. పడమట నుండి మబ్బు ప్రాకి వచ్చుచున్నది. రాయి మరుగున కూర్చుండి ఫ్లాస్కులోని టీ త్రాగితిమి.

ఆ మబ్బును చూచి ఆమె ఒక సంగతి చెప్పినది. 1946 ఆగస్టు 12న ఫ్రాన్సు దేశము నుండి గర్ల్ గైడ్ బాలికలను శిబిరమునకు తెచ్చుచున్న విమానమొకటి తుపానులో దారి తప్పి ఈ కొండనే ఢీకొనినది. ఇరువదిమందికి పైగా ఉన్నారు. గాయములైనవి, ఎముకలు విరిగినవి. అయితే ఒక్కరును చనిపోలేదు. నడువగలిగినవారు కొందరు ఆ వానలో, ఆ మబ్బులో క్రిందికి దిగి సహాయము తెచ్చిరి. "మిగతావాళ్లు ఇక్కడే ఉండి ఎదురు చూశారు నాన్నా. రాత్రంతా. ఎవరైనా వస్తారో రారో తెలియదు" అనినది. అని ఊరకుండెను.

నాలుగేండ్లుగా అడుగవలసిన ప్రశ్నను అప్పుడు అడిగితిని. "అమ్మను సమాధి చేసిన రోజు నువ్వేం చేశావమ్మా?"

ఆమె నా వైపు చూడలేదు. ఫోనులో సమాధి చూచిన తరువాత ఆ రాత్రి డ్యూటీకి వెళ్లినదట. సెలవు ఇత్తుమనిరట గాని, గదిలో ఒంటరిగా ఉండలేక వెళ్లినదట. ఆమె వార్డులో ఒక ముసలామె ఉండెను. ఆ దినములలో పిల్లలెవరును లోనికి రాకూడదు. ఆ ముసలామె చెవి యొద్ద నా కుమార్తె తెల్లవారువరకు ఫోను పట్టుకొని నిలిచినది. అవతల ఆ తల్లి పిల్లలు వంతులవారీగా మాట్లాడిరి. "చెయ్యి నొప్పి పుట్టింది నాన్నా. కానీ దించలేదు. మనూళ్లో కూడా ఎవరో నా కోసం అలా పట్టుకున్నారు కదా అనుకున్నాను."

ఇప్పుడు చెప్పెదను, ఆ రాత్రి నేను పలికిన మాట. ఆమె డ్యూటీకి వెళ్లకముందు ఫోను చేసి ఏడ్చుచుండగా, "ఇక నువ్వు రావలసిన పని లేదు" అంటిని. అని ఫోను పెట్టివేసితిని. మరునాడు ఏమియు జరుగనట్లు మాట్లాడితిని. ఆమెయు అట్లే మాట్లాడినది. నేను ఆ యేడు క్షమాపణను గూర్చి నాలుగు ప్రసంగములు చేసితిని.

అంతే కాదు. మరియొకటి దాచితిని. చనిపోవుటకు ముందు మధ్యాహ్నము నా భార్యకు కొంత తెలివి వచ్చి కూతురును గూర్చి మాట్లాడినది. ఆ మాట నేను ఒక్కడనే వింటిని. అది నా కుమార్తెకు చెందిన మాట. ఆమె రాలేదు గనుక నేను ఇయ్యలేదు. ఇది నేను ఎవరికిని, సంఘపెద్దలకు కూడ, చెప్పినది కాదు. నాలుగేండ్లు నా యొద్ద నుంచుకొంటిని.

శిఖరము మీద ఆ రెంటిని ఆమెకు చెప్పితిని. ఆ రాత్రి పలికిన మాటకు క్షమించమని అడిగితిని. తరువాత తల్లి మాట అప్పగించితిని. అది పెద్ద మాట కాదు. "అమ్మాయికి రాత్రి డ్యూటీ కదా, తిని వెళ్లిందో లేదో కనుక్కోండి" అనినది. తరువాత, కొంచెము సేపటికి, "దాన్ని కోప్పడకండి" అనినది.

నా కుమార్తె చాలాసేపు మోకాళ్ల మీద తల పెట్టి కూర్చుండెను. నల్లబారిన చేయి తలమీద ఉండెను. నేను తాకవలెనో వద్దో తెలియక ఫ్లాస్కు మూత పట్టుకొని కూర్చుంటిని. మబ్బు మా మీదికి వచ్చినది. పది అడుగుల దూరమునున్న స్తంభము కనబడకపోయినది. ఆమె తల ఎత్తి మొదట అడిగిన మాట: "తెలుగులోనే అన్నదా? 'దాన్ని' అన్నదా?" మన ఇంటిలో ఆమెను తల్లి తప్ప ఎవరును "అది" అనరు. అవునంటిని. "దాన్ని" అనియే అనినది.

క్షమించితిననినదా అని నీవు అడుగుదువేమో. అనలేదు. నేనును మరల అడుగలేదు. లేచి నా బూటు లేసు విప్పి, మరల గట్టిగా బిగించి కట్టి, "దిగుదాం నాన్నా, చీకటి పడేలోపు కారు దగ్గరుండాలి" అనినది.

దిగుట ఎక్కుటకంటె కష్టము. వైట్ హిల్ దాటిన తరువాత చెక్కల మీద మరల ఎవరో ఎదురు వచ్చిరి, ఒక ముసలి దంపతులును వారి కుక్కయు. అలవాటున నా కాలు పక్కకు కదలినది. ఆమె వెనుకకు చేయి చాచి నా మణికట్టు పట్టుకొనినది. ఇద్దరము చెక్క మీదనే పక్కకు తిరిగి, కడుపులు లోనికి పీల్చుకొని నిలిచితిమి. వారు నవ్వుచు మమ్మును ఒరసికొని దాటిపోయిరి. కుక్క మాత్రము చెక్క దిగి, మునుగక, తడి గడ్డి మీద గంతులు వేయుచు పోయెను. వారు పోయిన తరువాతను ఆమె నా చేయి వదలలేదు. కారు వచ్చువరకు ఆ ఇరుకు దారిలో ఆమె వెనుకకు చాచిన చేతితోనే నడిచినది. నొప్పి పుట్టియుండును.

ఆ రాత్రి ఆమె స్నానాల గదిలో నా బూట్లు కడుగుచుండగా నేను వంటయింట అన్నము వండితిని. నాకు వచ్చినది అన్నము, పప్పుచారు మాత్రమే. తెల్లవారితే ఆమెకు డ్యూటీ. "తిన్న తరువాత కడుగుదువు గాని, రా" అని పిలిచితిని.